పొలిమేర దాటిన పుణ్యం

మలేషియా సర్కారువారి దయాగుణం మీద అనుమానం ఉన్నవాళ్ళకు పోర్ట్ క్లాంగ్ రేవు సంగతి తెలిసి ఉండదు. 2017 ఫిబ్రవరి 3న సాక్షాత్తూ ప్రధాని నజీబ్ రజాక్ అక్కడికి వేంచేసి 'నాటికల్ అలియా' అనే ఓడను సాగనంపారు. ఓడ నిండా 2,200 టన్నుల సరుకు. బియ్యం, మందులు, బట్టలు. పైన వాలంటీర్లు, డాక్టర్లు, తగినంత మంది విలేకరులు. వెళ్ళవలసింది మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రానికి. అంతకుముందు అక్టోబరు నుంచి అక్కడ సైన్యం చేతిలో రోహింగ్యా ముస్లింల ఊళ్ళు తగలబడుతున్నాయి.

గిట్టనివాళ్ళు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. అప్పటికి సర్కారు పెట్టుబడి నిధి 1ఎండీబీ డబ్బు లెక్కలు అమెరికా కోర్టుదాకా వెళ్ళాయని, ఎన్నికలు ముంచుకొస్తున్నాయని, అందుకే 2016 డిసెంబరులో తిత్తివాంగ్సా స్టేడియంలో సభ పెట్టి మరీ రోహింగ్యాల కోసం గళమెత్తారని. ఎత్తితే తప్పేమిటి? జేబులో ఏముందని జనం అడిగినప్పుడు గుండె తీసి చూపించడం అందరు నాయకులకూ చేతనవుతుందా?

మయన్మార్ సర్కారు మర్యాద మాత్రం తక్కువదా! రఖైన్‌లో సిత్వే దాకా ఓడకు శ్రమ ఎందుకని యాంగోన్ దగ్గరి తిలావా రేవులోనే ఆపించింది. 9వ తేదీన ఎదురుకోలుకు మంత్రిగారు వచ్చారు. అసలు రోహింగ్యాలన్నవాళ్ళే లేరని అట్టల మీద రాసుకుని బౌద్ధ భిక్షువులూ వచ్చారు. లేనివాళ్ళ ఆకలి కోసం ఇంత బియ్యమా అని వాళ్ళ బాధ. 500 టన్నులు దింపుకున్నారు, అదీ రెండు వర్గాలకూ సమానంగా పంచాలన్న షరతు మీద. రఖైన్ బౌద్ధులూ పేదలే, కాదనను. కానీ తగలబడ్డ ఊళ్ళను మాత్రం ఆ సమానత్వంతో పంచుకున్నట్టు లేదు. మిగతా సరుకు చిట్టగాంగ్ చేరి, అక్కణ్ణుంచి బంగ్లాదేశ్‌లోని శిబిరాలకు వెళ్ళింది. అన్నట్టు, యాంగోన్ అంటే మన పాత రంగూనే, ఆ నది మర్యాద మనకూ తెలుసు. అక్కడి రేవుల్లో మూటలు మోసిన మన కోస్తా కూలీలను 1930 మే అల్లర్లలో వీధుల్లో వెంటాడి నరికారు.

ఇక అసలు స్తోత్రానికి వద్దాం. ఇంత దూరం వెళ్ళి వడ్డించిన చెయ్యి, ఆకలిగొన్నవాడు తనంత తానే గుమ్మంలోకి వస్తే ఊరుకుంటుందా? 2020 ఏప్రిల్ 16న మలేషియా దీవి లంకావి దగ్గర దాదాపు 200 మంది రోహింగ్యాలతో ఒక పడవ కనిపించింది. ముందు విమానం చూసింది, వెంటనే నౌకాదళం వెళ్ళింది. పడవలోవాళ్ళకు తిండి అందించారు. అందించి, యుద్ధనౌకలు తోడు పెట్టి మలేషియా జలాలు దాటించి వచ్చారు. కాపురానికి వెళ్ళే ఆడపిల్లకు సారె పెట్టి, పొలిమేర దాకా వెళ్ళి సాగనంపినంత ముచ్చటగా జరిగింది. అత్తవారిల్లు ఎక్కడో మాత్రం ఎవరూ చెప్పలేదు. సరిగ్గా ఆ ముందురోజు రాత్రే, మలేషియా చేరలేక దాదాపు రెండు నెలలు సముద్రంలో తిరిగిన ఇంకో పడవను బంగ్లాదేశ్ తీరరక్షకులు ఒడ్డుకు చేర్చారు. దాదాపు నాలుగు వందల మంది ఎముకల గూళ్ళయి దిగారు. దిగనివాళ్ళను దారిలోనే సముద్రంలో వదిలారు.

కోవిడ్ కాలం కదా, భయపడ్డారు అని సరిపెట్టుకోబోయేవాళ్ళు సర్కారువారి నిలకడను తక్కువ అంచనా వేస్తున్నారు. 2025 జనవరిలో కోవిడ్ లేదు. దాదాపు 300 మందితో రెండు పడవలు మళ్ళీ ఆ లంకావి దగ్గరికే వచ్చాయి. మళ్ళీ తిండి, మంచినీళ్ళు, మళ్ళీ అదే సాగనంపడం. ప్రధానులు మారారు, పార్టీలు మారాయి, సారె మాత్రం మారలేదు.

సముద్రాన్ని మోసగించి ఒడ్డెక్కినవాళ్ళ సంగతి ఇంకా ఘనం. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మలేషియా సంతకం పెట్టలేదు. మనసులో ఉన్న దానికి కాగితం ఎందుకని కాబోలు. లక్షకు పైగా రోహింగ్యాలకు ఐక్యరాజ్యసమితివారి శరణార్థి కార్డులున్నాయి. కార్డు చూపిస్తే పోలీసు వదలవచ్చు, వదలకపోవచ్చు. చట్టప్రకారం పని చెయ్యకూడదు, పిల్లలకు సర్కారు బడి లేదు. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కుతినానివ్వదు అని మనవాళ్ళు ఎవరిని చూసి అన్నారో గానీ, సెలయాంగ్ హోల్‌సేల్ మార్కెట్లో తెల్లవారకముందే కూరగాయల మూటలెత్తే రోహింగ్యా కుర్రాడికి ఆ సామెత విడమరిచి చెప్పనక్కర్లేదు.

2020లో లంకావి కోర్టు పడవలో వచ్చిన కొందరికి జైలుతోపాటు బెత్తం దెబ్బలు కూడా ప్రసాదించింది. పైకోర్టు దెబ్బలు కొట్టేసింది. 2022 ఏప్రిల్‌లో సుంగై బకాప్ నిర్బంధ శిబిరం నుంచి 528 మంది పారిపోయారు, హైవే దాటుతూ ఆరుగురు చచ్చిపోయారు. ఇద్దరు పిల్లలు. ఆతిథ్యం విలువ తెలియని అతిథులు.

ఒక్కచోట నా వ్యంగ్యం పనిచెయ్యదు, ఒప్పుకోవాలి. 2017 చివర్లో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల దగ్గర మలేషియా ఆసుపత్రి పెట్టింది. మంచి డాక్టర్లు, ఉచిత వైద్యం, నిజమైన మేలు. ఆ రోగే కౌలాలంపూర్ వచ్చి సర్కారు ఆసుపత్రి మెట్లెక్కితే విదేశీయుల రేటు. కార్డుంటే అందులో సగం.

కనుక దయాసముద్రులైన దొరలకు ఒక చిన్న మనవి. తమ కరుణ పొలిమేర దాటితే తప్ప పారదని లోకానికి అర్థమయింది. దయచేసి లంకావి ఇసుకలో ఒక ఎకరం నేలను పరదేశంగా ప్రకటించండి. పడవలు అక్కడ ఆగుతాయి, బియ్యం విదేశాలకు పంపినట్టే లెక్క పడుతుంది, మయన్మార్ అనుమతి అక్కర్లేదు. జెండా ఊపడానికి ప్రధానిగారు విమానం ఎక్కితే గంట ప్రయాణం, మధ్యాహ్న భోజనానికి ఇంటికి రావచ్చు.