మీటల పద్యం: నేత్రపీడా వ్యాఖ్యతో

మూలం

థారు నడుమ గుచ్చి తళుకుల మీటలు
నీలి కాంతి వెలుగ నిలిచి చూచి
కొండకోనలన్ని గుండెలోననె దాటి
గండిపేట కాడ కాఫి తాగె!

అవతారిక

ఈ ఆటవెలది ఎవరిదని అడిగితే అజ్ఞాత చాటుకవిదని చెప్పడం మర్యాద. కాని ఎదుటి బండి దీపాల దెబ్బకు కళ్లు మూసుకుని రోడ్డు వార ఆగినవాణ్ణి నేనే, ఇది కట్టినవాణ్ణీ నేనే. లక్షణగ్రంథానికి ఉదాహరణలు కూడా తానే రాసుకున్న జగన్నాథ పండితరాయలకు లేని మొహమాటం నాకెందుకు? ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మన మెదకు సీమ మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి సగానికి నేనూ కట్టుబడతాను. ఆయన తన టీకకు సంజీవని అని పేరు పెట్టుకుంటే, నేను దీనికి నేత్రపీడ అని పెట్టాను.

టీక

థారు: స్పష్టము. నడుమ: స్పష్టము.

గుచ్చి: కోసి అనకుండా గుచ్చి అన్న కవి ఔచిత్యాన్ని మెచ్చుకోవాలి. కోయడం కొలత తెలిసినవాడి పని. ఈ మీటల లోకంలో కార్లింగ్ వారి కాంటూరా అచ్చు ప్రమాణం. దాని నకళ్లూ ఆ కొలతకే వస్తాయి. కన్నం పొడవు 36.8 మిల్లీమీటర్లు, వెడల్పు 21.1. మీట ఒంటికి అటూ ఇటూ ఉన్న రెక్కలు ప్లాస్టిక్ అంచును కరుచుకుంటేనే అది నిలుస్తుంది. కాబట్టి ముందు కన్సోల్ ఊడదీసి వెనక ఎంత చోటుందో చూసుకుని, గీతకు లోపలే కోసి, మిగిలిన దాన్ని ఆకురాయితో రుద్దుతూ, మీట పెట్టి చూస్తూ, మళ్లీ రుద్దుతూ పోవాలి. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పోయిందా, మీట లోపలికి జారిపోతుంది. దాన్ని ఆపడానికి ఫెవిక్విక్ వస్తుంది. కవి చూసిన దుకాణంలో ఆకురాయి లేదు. కాలిన సోల్డరింగ్ ఐరన్‌తో ప్లాస్టిక్‌ను పొడిచారు. అందుకే గుచ్చి. పద్యానికి కంపు అంటకుండా కవి జాగ్రత్తపడ్డాడు గాని, బండికి అంటింది.

నడుమ అన్నది స్పష్టమే అన్నాను గాని ఒక మాట మిగిలింది. 2020లో వచ్చిన మూడు తలుపుల థారులో, 2025లో మార్చేదాకా, అద్దాలు దించే మీటలు తలుపులకు ఉండేవి కావు, ముందు సీట్ల నడుమ ఉండేవి. వాటి పొరుగున కొత్తవి ఆరు వెలిస్తే, పార్కింగ్ చీటీ తీసుకోబోయే చెయ్యి దేన్ని నొక్కుతుందో చెప్పలేం. చీటీ ఇచ్చే కుర్రాడు మాత్రం చెప్పగలడు, చూపు తిరిగి వచ్చాక.

మీటలు: ఇక్కడ కొంచెం తీరిగ్గా కూర్చోవాలి. మీట దీపాన్ని వెలిగిస్తుంది అనేది లోకవ్యవహారం, వ్యాకరణం కాదు. 60 వాట్ల దీపాలు రెండుంటే 120 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే 10 ఆంపియర్లు. అంత ప్రవాహాన్ని కన్సోల్ దాకా లాక్కొచ్చి, వేలి కింద తిప్పి, మళ్లీ బానెట్ ముందుకు పంపడం తెలివైనవాళ్లు చేయరు. నడుమ రిలే పెడతారు. మీట రిలేలోని తీగచుట్టకు ఆంపియరులో ఐదో వంతు ఇస్తే చాలు. చుట్ట అయస్కాంతమై అసలు ప్రవాహానికి తలుపు తీస్తుంది. అంటే వేలు ప్రయోజక కర్త, రిలే ప్రయోజ్య కర్త. వెలిగించేది రిలే, వెలిగింపజేసేది వేలు. ఇది తెలియకే బండివాళ్లకు గర్వం.

రిలే కాళ్లకు అంకెలుంటాయి. ఆ అంకెలు జర్మనుల డిన్ 72552 అనే ప్రమాణంలోవి, అష్టాధ్యాయి మీద మమకారం ఉన్నవాడు వాటిని చూస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే ధనం. 31 అంటే బండి ఒళ్లు, అనగా ఎర్త్. 15 అంటే తాళం తిప్పితే తప్ప ప్రాణం రానిది. 85, 86 చుట్ట కొసలు, 87 దీపం వైపు. ఒక్క అంకెలో ఒక తీగ పుట్టుక, నడక, గమ్యం ఇమిడిపోయాయి. పాణిని ఇంచుమించు 4,000 సూత్రాల్లో భాషనంతా ఇమిడ్చినప్పుడు వాడిన కిటుకు అనువృత్తి: పై సూత్రంలోని మాట కింది సూత్రాల్లోకి తనంతట ప్రవహిస్తుంది, మళ్లీ చెప్పనక్కర్లేదు. మొదటి మీటకు ఇచ్చిన కరెంటును చిన్న తీగ ముక్కలతో రెండో మీటకు, అక్కణ్ణించి మూడో దానికి దాటిస్తారే, అది అనువృత్తి గాక మరేమిటి? మధ్య సూత్రాలను వదిలేసి కప్పలా గెంతే అనువృత్తి ఒకటుంది, మండూకప్లుతి అంటారు. మొదటి మీట నుంచి నాలుగో దానికి తీగ లాగి, రెండూ మూడూ ఉత్తవే వదిలేసిన ఎలక్ట్రీషియన్ పాణినీయుడే, తెలియక.

ఇక అధికార సూత్రం. అది మొదట్లో కూర్చుంటుంది, తానుగా ఏ పదాన్నీ పుట్టించదు, తన కింద వచ్చేవాటన్నిటి మీదా చెల్లుతుంది. బ్యాటరీ పక్కనే, జానెడు దూరంలో ఉండవలసిన ఫ్యూజు సరిగ్గా అలాంటిది. తీగ ఎక్కడైనా రేకు అంచుకు ఒరుసుకుని తొడుగు చిరిగితే తాను కాలి మిగతాదాన్ని కాపాడుతుంది. ఫ్యూజు తీగ చివర దీపం దగ్గర ఉంటే, దానికి ముందున్న తీగంతా అధికారం లేని సూత్రపాఠం. అంటుకున్నాక ఏ వృత్తికారుడూ సమర్థించలేడు.

"రిలే ఎందుకు సార్, దండగ. ఫ్యూజు కూడా అక్కర్లేదు. డైరెక్ట్ ఇచ్చేస్తా, ఏం కాదు" అన్నాడు దుకాణం అబ్బాయి, నా ముందే, ఒక పెద్దమనిషితో. ఆ పెద్దమనిషి మీటల మీద బొమ్మలు ఎలా ఉండాలో గంటసేపు ఎంచాడు, దీనికి మాత్రం తల ఊపాడు. కంపెనీ ఇచ్చిన తీగను మధ్యలో పళ్లతో ఒలిచి, కొత్త తీగ చుట్టి, నల్ల టేపు వేయడం చూశాను. టీకాకారుడు కోపగించుకోకూడదని నియమం. అయినా పళ్లతో ఏమిటయ్యా?

నీలి కాంతి వెలుగ: మీటలోని సొంత దీపం వెలుగుతుండగా. ఆ వెలుగులో రాతలు కనబడతాయి: లైట్ బార్, రాక్ లైట్స్, కంప్రెసర్, వించ్. జాంబీ లైట్స్ అని చెక్కిన మీట కూడా విదేశీ సరుకులో ఉంది. నడిచే శవాలు ఎదురైతే వెలిగించడానికి కాబోలు. శవాన్ని భుజాన వేసుకుని నడిచిన విక్రమార్కుడికి ఇది లేకుండానే గడిచింది.

ఆరు మీటల్లో తీగ ఉన్నవి రెండే అయితే తక్కినవాటి గతేమిటి? తార్కికులు అభావాన్ని నాలుగు తీర్లుగా చెప్పారు, నాలుగూ ఈ కన్సోల్‌లో కొలువున్నాయి. బోనస్ రాగానే కొంటానన్న కంప్రెసర్‌ది ప్రాగభావం. తొలి వానకే నీళ్లు దిగి పోయిన రాక్ లైట్లది ప్రధ్వంసాభావం. లైట్ బార్ వించ్ కాదు, వించ్ లైట్ బార్ కాదు కనుక అన్యోన్యాభావానికి లోటు లేదు. వించ్‌ది మాత్రం అత్యంతాభావం: నిన్న లేదు, నేడు లేదు, రేపు ఉండదు. అయినా దాని మీట అందరికంటే నీలంగా వెలుగుతుంది. అభావం ప్రత్యక్షంగా తెలుస్తుందా, వేరే ప్రమాణం కావాలా అని నైయాయికులూ భాట్ట మీమాంసకులూ వాదులాడుకున్నారు. ఈ మీట నొక్కి చూపిస్తే అరనిమిషంలో రాజీపడేవారు.

నిలిచి చూచి: బండి ఆగి ఉండగా అని ధ్వని. మంచి ధ్వని.

కొండకోనలన్ని గుండెలోననె దాటి: ఫోర్ బై ఫోర్ థారులో గేరు కర్ర పక్కన ఇంకో పొట్టి కర్ర ఉంటుంది. బురదలో, రాళ్లలో బండిని పైకి ఈడ్చేది అది. దాన్ని ఫోర్ లో అన్న చోటికి లాగితే గేర్ల నిష్పత్తి మారి చక్రాలు నెమ్మదిగా, బలంగా తిరుగుతాయి. డబ్బు పోసి కొన్న అసలు సత్తా అదే, దానికి నీలి దీపం లేదు. చాలా బళ్లలో ఆ కర్ర పిడి మీద షోరూం మెరుపు ఇంకా చెరగలేదు. 2023లో వెనక చక్రాలకే శక్తినిచ్చే థారూ వచ్చింది. అందులో ఆ కర్రే లేదు. మీటలు మాత్రం అందులోనూ ఆరే. భారవి కావ్యానికి మల్లినాథుడు రాసిన టీక పేరు ఘంటాపథం, అంటే ఏనుగులు గంటలు మోగిస్తూ నడిచే రాజమార్గం. మన నాయకుడు ఎన్నడూ ఘంటాపథం దిగి ఎరగడు.

దిగకపోతే పోనీ. ఆ మార్గం మీద మేమూ ఉన్నాం. హెడ్‌లైటును డిప్ చేస్తే వెలుగు ఒక గీత దాటి పైకి రాకుండా అద్దంలోనే ఏర్పాటుంది. కప్పు మీద బిగించిన ఎల్‌ఈడీ కడ్డీకి ఆ గీత లేదు. ఆదివారం చీకటి పడ్డాక అనంతగిరి నుంచి తిరిగొచ్చే బళ్లు చేవెళ్ల దారిలో, ఆ ఇరుకులో, మర్రిచెట్ల మధ్య దాన్ని వేసుకుని వస్తాయి. ఎదురుగా మోపెడ్ మీద పాలక్యాన్లు కట్టుకుని వచ్చే మనిషికి ముందు రోడ్డు మాయమవుతుంది, తరవాత చెట్టు మాయమవుతుంది, తాను ఎటున్నాడో తెలియదు. అతనికి బ్రేకు తప్ప వేరే మీట లేదు. వెనకాల లారీ ఉంటే అదీ లేదు. ఆరు మీటలు పెట్టుకున్న బాబుకు అందులో ఒక్కదాన్ని ఆపడం రాదా?

అలంకారం: విభావన. కారణం లేకుండా కార్యం పుట్టడం. అడవి లేకుండానే అడవి యాత్ర జరిగింది గనక.

కర్తృవిచారం: తాగె అన్న క్రియకు కర్త పద్యంలో లేడు. బండి అందామంటే అది తాగేది డీజిలు. యజమాని అని అధ్యాహారం చేసుకోవాలి. ఆయన పేరు చెప్పకపోవడం కవి సంస్కారం, నంబరు ప్లేటు చదవనివ్వకపోవడం ఆ దీపాల సంస్కారం.

పాఠాంతరం: నాలుగో పాదాన్ని కొందరు "కోకాపేట కాడ" అని దిద్దమన్నారు. గణం చెడుతుంది, యతి చెడుతుంది. ఖరీదైన కాఫీ అక్కడే దొరుకుతుంది గనక అర్థం మాత్రం చెడదు.