చేతికొచ్చిన విద్య, నోటికి రాని చదువు

ఆపరేషన్ థియేటర్లో నాకు నోటితో పెద్దగా పనుండదు. సర్జన్‌గారు కోసిన చోటునుంచి చూపు తిప్పకుండా అరచెయ్యి చాస్తారు, కావలసింది నేను అందులో పెడతాను. ఒక్కోసారి "అది... అదీ" అంటారు. ఆ 'అది' కెల్లీ క్లాంపో, డిబేకీ ఫోర్సెప్సో ఆయన కంటే ముందు నా చేతికి తెలిసిపోతుంది. ఇంటికి రాగానే చేతులకి సెలవిచ్చి నోటికి డ్యూటీ వేస్తాను. అక్కడ నా పరిపాలనంతా "అదంతే" అన్న ఒక్క మాట మీద నడుస్తోంది.

హ్యూస్టన్‌లో స్క్రబ్ టెక్‌ని. పని నేర్చుకున్నది థియేటర్లోనే, కాళ్లు పీక్కుపోయేలా నిలబడి, తిట్లు తిని. కాలేజీ కాగితం లేదు. అక్కర్లేదు కూడా. ఈ ఉద్యోగానికి చదువూ సర్టిఫికెట్టూ ఉండాలని టెక్సాస్ చట్టం చేసినప్పుడు, 2009 సెప్టెంబరు 1కి ముందునుంచీ పనిలో ఉన్న మాలాంటి పాతకాపుల జోలికి రాలేదు. మరి ఈ వయసులో ఆన్‌లైన్ కోర్సులో చేరింది దేనికంటే, ఇంట్లో చెప్పింది విద్యాదాహం అని. అసలు దాహం వేరు. మా థియేటర్లోకి ఓ కొత్త పిల్ల వచ్చింది. బ్యాడ్జి మీద పేరు పక్కనే సీఎస్‌టీ అన్న మూడు పొడి అక్షరాలు, అంటే సర్టిఫికెట్టు ఉన్న టెక్ అని. గాల్‌బ్లాడర్ కేసులో క్లిప్ అప్లయర్ ఎలా అందించాలో ఆ పిల్లకి చూపించింది నేనే. జీతం మాత్రం గంటకి నాకంటే కాస్త ఎక్కువట. ఆ 'కాస్త' నన్ను నిద్రపోనివ్వలేదు.

నాలాగా పనిలోనే పని నేర్చినవాళ్ల కోసం పెట్టిన కోర్సు ఇది. పాఠాలు ఇంట్లో కంప్యూటర్ మీద, కేసులు మనం చేసే ఆస్పత్రిలో. పూర్తయితే జాతీయ పరీక్షకి కూర్చోవచ్చు. ఇదంతా నాకు వచ్చిందేగా అని సాంబారుకి పోపు పెడుతూ మొదటి వీడియో పెట్టాను. "ఇంతేనా!" అని మావారికి వినపడేలా ఓ నవ్వు కూడా నవ్వాను. చివర్లో క్విజ్ వచ్చింది. రక్తనాళాన్ని నలగకుండా పట్టుకునే పరికరం ఏది? గరిటె వదిలేసి నా వేళ్లు వాటంతటవే డిబేకీ పట్టే వాటంలోకి వచ్చేశాయి. సరే, ఎందుకు నలగదు? అక్కడ ఆగిపోయాను. దాని రెండు దవడలకీ సన్నటి పళ్ల వరుసలుంటాయి, అవి ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోతాయి. ఇన్నేళ్లుగా అందిస్తున్నాను గానీ దాని నోరు తెరిచి చూసిన పాపాన పోలేదు. పైగా దానికి పేరిచ్చిన సర్జన్ మైకేల్ డిబేకీ 2008లో పోయేదాకా మా ఊళ్లోనే ఉన్నాడు!

అసలు పరీక్షలో 175 ప్రశ్నలు, నాలుగు గంటలు. మార్కులు 150కే. తక్కిన 25 ఊరికే పరీక్షించి చూడ్డానికి పెట్టినవి, అవేవో మనకి చెప్పరు. ఈ సంగతి చదివాక నాకెంత ధైర్యమొచ్చిందో! నాకు రాని ప్రశ్నలన్నీ ఆ పాతికలోవే అని తీర్మానించుకున్నాను. ప్రాక్టీసు పరీక్షల్లో ఆ పాతిక పెరిగి పెరిగి వందకి చేరువైంది.

చదువులో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. 1889-90 చలికాలంలో బాల్టిమోర్ జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో కారొలైన్ హాంప్టన్ అనే థియేటర్ నర్సుకి మెర్క్యురిక్ క్లోరైడ్ మందునీళ్లతో చేతులు పొక్కిపోయాయి. సర్జన్ హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ చేత ఆమె కోసం పల్చటి గ్లవ్స్ చేయించాడు. 1890లో ఇద్దరికీ పెళ్లయింది. ప్రపంచంలో ఇంతకంటే గొప్ప ప్రేమకథ ఉందా అని మావారికి కళ్లు చెమర్చేలా చెప్పాను. మర్నాడు కాస్ట్‌కో నుంచి అంట్లు తోముకునే గ్లవ్స్ తెచ్చారు. పసుపుపచ్చవి, డజను జతలు.

నా చదువు అసలు ముదిరింది మా అత్తగారు తెనాలి నుంచి వచ్చాక. ఓ రాత్రి మా అమ్మాయి ప్రశ్నలు చదువుతోంది, ఆవిడ పొయ్యి దగ్గర మడి కట్టుకుని చారు కాస్తున్నారు.

"స్టెరైల్ గౌను వేసుకున్నవాళ్లకి మామూలు బట్టలవాళ్లు తగిలితే?"

నేను నోరు తెరిచేలోపే ఆవిడ, "విడిచేసి వేరేది కట్టుకోవాలి" అన్నారు. ఒప్పు.

"టేబుల్ మీదున్నది స్టెరైలో కాదో అనుమానమొస్తే?"

"అనుమానమొచ్చాక ఇంకేం మడే, మైలపడినట్టే." అదీ ఒప్పే. పుస్తకంలో దాదాపు అదే వాక్యం.

"స్టెరైల్ గుడ్డ తడిస్తే?"

"తడిబట్టయితే మరీ మంచిది."

తప్పు! నాకు ప్రాణం లేచొచ్చింది. "పనికిరాదండీ అత్తయ్యగారూ, తీసెయ్యాలి."

"ఎందుకమ్మా?"

"అదంతే."

మా అమ్మాయి జవాబు చదివింది. తడి వెంట కింది సూక్ష్మజీవులు గుడ్డలోంచి పైకి పాకుతాయట. ఆవిడ గరిటె దించి, "అలా చెప్పచ్చుగా. మరి ఇన్నాళ్లూ నువ్వెందుకనుకుని తీసేశావు?" అన్నారు.

"సర్జన్‌గారు తీసెయ్యమన్నారు."

"అదే మరి. నాకు మా అత్తగారు చెప్పారు."

ఆ రాత్రి మార్కులు కూడితే ఆవిడకే ఎక్కువొచ్చాయి. మా అమ్మాయి ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికించింది. మర్నాడు పొద్దున్నే కాఫీ ఇస్తూ ఆవిడ అడిగారు, "అనుభవం ఉన్నవాళ్లకే ఆ కోర్సు అన్నావుగా, నన్ను చేర్చుకుంటారా?"

"అనుభవం చాలదండీ, ఆస్పత్రిలో ఉద్యోగం చేస్తూ ఉండాలి."

"ఖాళీలున్నాయేమో కనుక్కో మరి. నిలబడే పనేగా."

కనుక్కుంటానన్నాను. డిసెంబరులో తెనాలి ప్రయాణం కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ సర్జన్‌గారికి ముందు స్నానం చేసి రమ్మని చెప్పేవారు.