చార్మినార్ ఎత్తు ఎంత గారూ?

మా పాతబస్తీలో గొడవ ముదిరితే 'భాయ్' కాస్తా 'అబే' అవుతుంది. తెలుగు వికీపీడియాలో అంతా తిరకాసు. కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. చర్చ పేజీలో "మీరు పొరబడ్డారు" అన్నారంటే స్నేహం ఇంకా మిగిలే ఉన్నట్టు. "గౌరవనీయులైన వాడుకరి గారికి నమస్కారాలు" అని వచ్చిందా, ఇక మీ పని అయిపోయినట్టే. ఆ నమస్కారం కింద మూడో లైన్లో, మిమ్మల్నిక రాయనివ్వని నిరోధం కాచుకుని ఉంటుంది.

2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో నలుగురూ కూడి మాట్లాడుకునే చోటు పేరు 'రచ్చబండ'. పెట్టినవాళ్లు ఊళ్లో చెట్టు కింది అరుగునే తలచుకుని ఉంటారు. వచ్చినవాళ్లలో కొందరం 'రచ్చ' దగ్గరే ఆగిపోయాం.

ఆ కొందరిలో నన్ను కలిపింది చార్మినార్. షాలిబండ నుంచి వస్తూ పోతూ రోజూ చూసేదే, ఏనాడూ కొలవాలనిపించలేదు. ఒక రాత్రి పేజీ తెరిస్తే ఎత్తు 48.7 మీటర్లని ఉంది. నా పుస్తకంలో 56. దిద్దాను. తెల్లారేసరికి మళ్లీ 48.7. మళ్లీ దిద్దాను. మధ్యాహ్నం నమాజు వేళకు మళ్లీ తగ్గింది. 1591 నుంచి కదలకుండా నిలబడ్డ కట్టడం నా పుణ్యమా అని ఒక్కరోజులో ఆరుసార్లు పెరిగి తరిగింది.

24 గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివారి రాతను తిరగ్గొట్టకూడదని నియమం. అందుకే నేను 24 గంటలా ఒక్క నిమిషం ఆగి నాలుగోది కొట్టాను. అలా గడియారం చూసి కొట్టడం కూడా తప్పేనట! సరేనని ఇంకో పేరుతో ఖాతా తెరిచాను. "మీ వాదన బాగుంది గారూ" అని నాకు నేనే రాసి, "ధన్యవాదాలు గారూ" అని నేనే బదులిచ్చాను. పాపం, ఇద్దరం 'శీర్షిక'ను 'శీర్శిక' అనే రాస్తాం. అక్కడ దొరికాం. ఇద్దరికీ వారం రోజుల నిరోధం. న్యాయమే.

ఇరానీ హోటల్లో గల్లా మీద కూర్చునే చాచాకు గోడు వెళ్లబోసుకున్నాను. "కైకూ లడాయి సాబ్? నడిమిట్ల రాయి" అంటూ బిల్లు కాగితం వెనక సగటు తీసిచ్చాడు: 52.35. వికీపీడియా కోరే తటస్థత అంటే ఇదే కాబోలనుకున్నాను. కాదట. రెండు లెక్కలూ, ఏది ఎక్కడ అచ్చయిందో చెప్పి, పక్కపక్కనే రాయాలట. భాగమతి సంగతీ అంతే. ఆమె పేరు మీదే ఊరు వెలిసిందని నమ్మేవాళ్లు, అదంతా కట్టుకథన్న చరిత్రకారుడు షేర్వానీని పట్టుకున్నవాళ్లు మా గల్లీలో ఒకే బల్ల మీద చాయ్ తాగరు. పేజీలో మాత్రం ఒకే పేరాలో కాపురం చేయాలి.

పెద్దవాళ్ల తగాదాలు ఇంకా పెద్దవి. ఏఎన్ఐ వార్తాసంస్థ 2024లో వికీపీడియా మీద ఢిల్లీ హైకోర్టుకెక్కింది. కోర్టు మాట మీద, ఆ కేసు గురించి రాసిన పేజీని కూడా అక్టోబరులో దించాల్సి వచ్చింది. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. తిరగ్గొట్టింది ఒక్కసారే కాబట్టి నియమోల్లంఘన కాదు.

చాచా సగటును పోయిన వారం ఇదే కాలమ్‌లో సరదాకి రాశాను. నిరోధం తీరిన ఆదివారం పేజీ తెరిస్తే ఎత్తు 52.35 మీటర్లు! పక్కన చిన్న అంకె. నొక్కితే మూలం: ఈ పత్రిక, ఈ కాలమ్, నా పేరు. గతుక్కుమని చెరిపేశాను. అయిదు నిమిషాల్లో 52.35 వెనక్కి వచ్చింది, నా చర్చ పేజీలో సందేశంతో సహా.

"గౌరవనీయులైన వాడుకరి గారికి నమస్కారాలు. అచ్చయిన మూలం ఉన్న సమాచారాన్ని కారణం చెప్పకుండా తొలగించరాదు."