మౌసదేల నీకు, మన్యవాస!

అవతారిక: సారపాకలో నా ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మొన్నటి ముసురుకు పడకేసింది. వంతెన దాటి భద్రాచలంలో మౌసు కొందామంటే వాన తెరిపినివ్వదు. మిగిలింది కీబోర్డు, ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటరు. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో బయటపెట్టిన జీఎన్‌యూ ఈమాక్స్‌ను లిస్పు అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి ఎటు కావాలంటే అటు వంచుకోవచ్చు, పచ్చి వెదురులాగ. కంట్రోల్-హెచ్, ఆపైన ఎఫ్ నొక్కి ఏ ఫంక్షన్ పేరు చెప్పినా హెల్ప్ బఫరు, అంటే సహాయం చూపే పేజీ, తెరుచుకుంటుంది. అందులో కింద గీత ఉన్న మాటలే బొత్తాలు. వాటిని చేరే ఉపాయం మరిచిపోకుండా ఈ ఆటవెలది కట్టుకున్నాను. మూలంలో లేనిది రాయనని టీకాకారుడు కొల్చారం మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మూలమూ టీకా నావే గనుక నాకా ఒట్టు లేదు.

మూలం:

ట్యాబు నొక్కినంత డాయును బొత్తాము,
షిఫ్టుతోడ నొక్కఁ జేరు వెనుక,
ఎంటరొత్తినంత నిచ్చును ఫలమును,
మౌసదేల నీకు, మన్యవాస!

ప్రతిపదార్థం: మన్యవాస = ఏజెన్సీలో కాపురముండేవాడా; ట్యాబు = ట్యాబు మీటను; నొక్కినంత = నొక్కగానే; బొత్తాము = తరవాతి బొత్తాము; డాయును = దగ్గరవును; షిఫ్టుతోడ నొక్కన్ = షిఫ్టు పట్టుకుని అదే మీట నొక్కితే; వెనుక = వెనకటి బొత్తాముకు; చేరు = కర్సరు పోవును; ఎంటరొత్తినంత = ఎంటరు కొట్టగానే; ఫలమును = దాని వెనకున్న పనిని; ఇచ్చును = జరిపించును; మౌసు అది ఏల = ఆ ఎలుక ఎందుకు?

తాత్పర్యం: పైన చెప్పిందే.

విశేషాలు: “డాయును” దగ్గర ఆగాలి. బొత్తాము మన దగ్గరికి వస్తుందా, కర్సరు దాని దగ్గరికి పోతుందా? ఖమ్మంలో ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడికి కొత్తగూడెం, పాల్వంచ, సారపాక ఒకదాని తరవాత ఒకటి వస్తాయి. మధ్యలో అడవి ఉందని కిటికీ పక్కవాడికే తెలుస్తుంది. ట్యాబు కూడా అంతే, నడుమ ఉన్న పేరాలను పట్టించుకోదు. స్కిప్ అనే గుణం తగిలించిన బొత్తాము దగ్గర ఆగను కూడా ఆగదు, ఎక్స్‌ప్రెస్ పల్లె స్టాపును వదిలేసినట్టు. చివరి బొత్తాము మీద మళ్లీ నొక్కితే మొదటిదానికి వస్తుంది. భద్రాచలంలో దిగినవాడు ఖమ్మం బస్టాండులో తేలడం బస్సు వల్ల కాని పని.

“ఎంటరొత్తినంత” అన్నచోట ఒక మెలిక ఉంది. ట్యాబు ఆజ్ఞ హెల్ప్ బఫరంతటా చెల్లుతుంది. ఎంటరు ఆజ్ఞ మాత్రం బొత్తాము అక్షరాలకే కట్టి ఉంటుంది. ఇప్పచెట్టు కిందికి పోతేనే పువ్వు, దారిలో వంగితే ఎండుటాకులు. ఇంకొకటి: ఉత్తరం రాసుకునే మామూలు బఫరులో ట్యాబును నమ్ముకోకండి. అక్కడ దాని పని వేరు, వరస జరుపుతుంది.

“బొత్తాము” పోర్చుగీసు నుంచి వచ్చి చొక్కాకు కుట్టుకున్న మాట. ఈమాక్స్‌లో దాన్ని రెండు తీర్లుగా కుడతారు. ఒకటి ఓవర్లే, బఫరు మీద పరిచిన పైపూత. అక్షరాలను కాపీ చేస్తే వాటితో రాదు. భద్రాచలానికి జిల్లా పేరు ఇలాంటిదే: 1959 దాకా తూర్పు గోదావరి, తరవాత ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. పూత మారింది, ఊరు అక్కడే ఉంది. రెండోది టెక్స్ట్ ప్రాపర్టీ, అంటే పచ్చబొట్టు. అక్షరంలోనే భాగమైపోతుంది. వేల బొత్తాలున్నచోట ఇదే వేగం. నా ఓటు పచ్చబొట్టుకే.

“మౌసదేల”: మూషికమని చెప్పి ఇక్కడ విఘ్నేశ్వరుణ్ణి దించే పండితులుంటారు, వారికి దండం. అసలు చిక్కు వేలి బరువులో ఉంది. హెల్ప్‌లో బొత్తామును ఎడమ క్లిక్కుతో నొక్కి 450 మిల్లీసెకన్లలోపు వదిలితే పని జరుగుతుంది. అంతకు మించి పట్టుకుంటే కర్సరు అక్కడ వాలుతుంది, అంతే. నా వేలు ఎప్పుడూ రెండో రకమే.

బొత్తాములే లేని హెల్ప్ పేజీలో ట్యాబు నొక్కితే బొత్తాములు లేవని కింద ఇంగ్లీషులో ఒక ముక్క చెబుతుంది. క్యూ నొక్కితే పేజీ మూసుకుంటుంది. టచ్‌ప్యాడ్ రిపేరుకు ఇంకా ఇవ్వలేదు.