ఆరెంజ్ అలర్ట్‌కు మ్యాచర్ ఎంత?

రాత్రి పదకొండున్నరకు మా పెద్దబాపు ఫోన్ ఒక్కసారిగ మొత్తుకున్నది. కొనుగోలు సెంటర్ల వడ్ల కుప్ప పక్కన ఇద్దరం కావలి పండుకున్నం. ఆయన ఉలిక్కిపడి లేచి, ఫోన్ నా చేతుల పెట్టిండు. "ఏందో అచ్చింది, సదువురా బిడ్డా."

చదివిన. రానున్న మూడు దినాలు చలి తీవ్రత పెరుగుతదట. వృద్ధులు, పిల్లలు రాత్రిపూట బయటికి రావద్దట. ఉన్ని దుస్తులు ధరించాల్నట, గోరువెచ్చని నీళ్లు తాగాల్నట.

పెద్దబాపు ఓపికగ అంతా విన్నడు. "మంచిగనే జెప్పిండ్రు గని," అన్నడు, "బయటికి రావద్దంటె, ఇప్పుడు లోపటికి యాడికి పోవాలెరా?"

మా హుస్నాబాద్ చుట్టుముట్టు ఈ కాలంల వయసు మళ్లినోళ్లు ఇంట్ల పండుకోరు. వయసున్నోళ్లు హైదరాబాద్ పోయిండ్రు. కుప్పల కాడ కావలి ఉండేది అరవై దాటినోళ్లే. మెసేజ్ మాత్రం తప్పు అడ్రసుకు రాలేదు. సరిగ్గ ఎవ్వరికి రావాల్నో వాళ్లకే, సరిగ్గ ఉండకూడని జాగల ఉన్నప్పుడే వచ్చింది. ఇంత గురి మన దగ్గర ఏ పథకానికీ లేదు.

వాతావరణ శాఖ దగ్గర నాలుగు రంగులుంటయి. పచ్చ అంటే ఏం లేదు, పండుకో. పసుపు అంటే ఓ కన్నేసి ఉంచు. ఆరెంజ్ అంటే తయారుగుండు. ఎరుపు అంటే పని షురూ చెయ్యి. ఏం పని, దేనితోని అన్నది ఆ రంగుల ఉండదు. అది జిల్లా సార్లు చూసుకుంటరు.

జిల్లా అంటే మా దగ్గర ఇంకో తిరకాసు. 2016 అక్టోబర్‌ల జిల్లాలు పంచినప్పుడు మా ఒక్క నియోజకవర్గాన్ని మూడు ముక్కలు చేసిండ్రు. హుస్నాబాద్, కోహెడ, అక్కన్నపేట సిద్దిపేటకు. చిగురుమామిడి, సైదాపూర్ కరీంనగర్‌కు. భీమదేవరపల్లి, ఎల్కతుర్తి వరంగల్ దిక్కుకు, ఇప్పుడది హన్మకొండ. అలర్ట్ జిల్లా లెక్కన వస్తది. అంటే ఒక్క మబ్బు ముల్కనూరు మీద ఎరుపు రంగుల ఉండి, పొలిమేర దాటి హుస్నాబాద్‌కు రాంగనే పసుపు కావచ్చు. మబ్బు జీవో చదువుకోలేదు, అదే చిక్కు.

మొన్నటి మొంథా తుపానునే చూడండి. ఆ పేరు పెట్టింది థాయ్‌లాండ్. వాళ్ల భాషల సువాసన పువ్వు అని అర్థమట. 2025 అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. మాకు సముద్రం దగ్గర దగ్గర మూడు వందల కిలోమీటర్ల దూరం ఉంటది. తుపాను అంటే టీవీల కోనసీమ కొబ్బరిచెట్లు ఊగుడు, గొడుగు ఎగిరిపోతున్న రిపోర్టరు, గంతే. పల్లీలు తినుకుంట చూసి, అయ్యో పాపం అనుకున్నం. తెల్లారి 29 నాడు పువ్వు వచ్చి మా నెత్తి మీదనే రాలింది. భీమదేవరపల్లిల ఒక్క దినంల 40 సెంటీమీటర్లు దాటింది వాన. ఏడాది పొడుగున పడాల్సిన దాంట్ల మూడో వంతుకు ఎక్కువ. హుస్నాబాద్ మార్కెట్ యార్డుల ఆరబోసిన వడ్లు వరదల కొట్టుకపోయినయి. మోరీ దిక్కు పోతున్న గింజలను చేతులతోని ఆపబోయి ఏడ్చిన తల్లిని రాష్ట్రమంతా ఫోన్లల్ల చూసింది. అలర్ట్ వచ్చిన ఫోన్లల్లనే.

తర్వాత రావాల్సినోళ్లు వచ్చిండ్రు. 31 నాడు ముఖ్యమంత్రి హెలికాప్టర్ల వచ్చి చూసిండు. ఎకరాకు 10,000 రూపాయలు అన్నడు. వినంగనే పెద్దబాపు నవ్విండు. ఎందుకంటే ఈ పది వేలు ఆయనకు పాత దోస్తు. 2023 మార్చిల వడగండ్లు పడితే కేసీఆర్ ఎకరాకు పది వేలన్నడు. 2024 సెప్టెంబర్‌ల ఖమ్మం మునిగితే రేవంత్ రెడ్డి పది వేలన్నడు. 2025ల మళ్ల పది వేలే. ప్రభుత్వం మారింది, పార్టీ మారింది, ఆఖరికి తుపాను పేరు గూడ థాయ్‌లాండ్ దాక పోయింది. ఇన్ని వానలల్ల తడవకుంట, ఇసుమంత ముక్కిపోకుంట నిలబడ్డది ఈ పది వేలొక్కటే. దానికి మ్యాచర్ పెట్టి చూడాలె.

మ్యాచర్ అంటే మాయిశ్చర్. ఇంగ్లిషు మాటను మేం ఎండబెట్టి చిన్నగ చేసుకున్నం. ధాన్యంల తేమ 17 శాతం దాటొద్దు. ఆ ముచ్చటకు మళ్ల వస్త.

పది వేలు ఎకరాకు. అంటే పంట పొలంల ఉండాలె, 33 శాతం పాడై ఉండాలె. మా పెద్దబాపు చేసిన తప్పు ఏందంటే, తుపానుకు నాలుగు దినాల ముందే కోసుకున్నడు. హెచ్చరికలు విన్న బుద్ధిమంతుడు మరి. కోసి, తెచ్చి, సర్కారు చూపించిన జాగలనే పోసిండు. నష్టం రాసుకోను వచ్చిన సారు పొలంకాడ నిలబడి మొయ్యకాళ్లను చూసిండు. "పెద్దాయనా, నీ పంట మంచిగ కోసుకున్నవ్ గదా, నష్టం ఎక్కడిది?" అన్నడు. సారుదేం తప్పు లేదు. ఆయన ఫారంల ఎకరాల గడి ఉన్నది, క్వింటాళ్ల గడి లేదు. పొలంల మునిగితే పంట. యార్డుల మునిగితే అది పంట గాదు, ఇంకా కొనలేదు గనక సర్కారు ధాన్యమూ గాదు. గట్టు దాటి కాంటా ఎక్కే దాక వడ్లకు తల్లీ లేదు, తండ్రీ లేడు.

తడిసిన వడ్లు గూడ కొంటమన్నరు. మంచిమాట. తడిసినయి సరే, కొట్టుకపోయినయి ఎవరు కొంటరు అని అడిగితే అందరూ చెప్పుల దిక్కు చూసిండ్రు.

ఫసల్ బీమాల కోసి పొలంల ఆరేసిన పంటకు గూడ 14 దినాల దాక రక్షణ ఉండేది. ఆ పథకం నుంచి మన రాష్ట్రం 2020ల బయటికొచ్చింది. ఉన్ననాడు గూడ అది పొలంల ఆరేసినదానికే గని యార్డుల పోసినదానికి గాదు. కాబట్టి బాధపడేది సగమే.

ఇగ మిగిలిన వడ్లను ఆరబోసుడు మొదలైంది. మంచు పొద్దున తొమ్మిదింటి దాక లెవ్వదు. నాలుగింటికే ఎండ పలచబడుతది. పొద్దున మిషన్ పెడితే 19. పగలంతా కాళ్లతోని తిరగేస్తే సాయంత్రానికి 17.5. రేపు తూకం అని టోకెన్ పట్టుకొని పండుకుంటే, రాత్రి మంచుకు మళ్ల 18.5. చలి వడ్లకు గిట్ల పడుతది.

కాని చలి అని అధికారికంగ అనాలంటే దానికి లెక్కుంటది. మన మైదాన ప్రాంతంల రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగాలె, అది మామూలు కంటె కనీసం నాలుగున్నర డిగ్రీలు తక్కువుండాలె. గప్పుడే శీతల గాలులు. పదకొండు డిగ్రీల దగ్గర మా పెద్దబాపు పండ్లు టకటక కొట్టుకుంటే అది ఆయన సొంత వ్యవహారం. సిర్పూర్, తిర్యాణి దిక్కు అయిదారు డిగ్రీలకు దిగినప్పుడు మాత్రం పేపర్లల్ల చలిపులి పంజా విసురుతది. ఆ దిక్కు అసలు పులులు గూడ ఉన్నయి గనక ఏ వార్త ఏ పులిదో చదివితే గని తెల్వది.

ఇంకో విడ్డూరం వినండి. ఢిల్లోళ్ల విపత్తుల పట్టికల చలిగాలికి, మంచుకు జాగ ఉన్నది. వడదెబ్బకు లేదు. రామగుండం ఎండను కండ్లారా చూసినోళ్లెవరూ ఆ పట్టిక రాసినట్టు లేదు. 2025 ఏప్రిల్‌ల మన రాష్ట్రమే వడగాలిని విపత్తుగ ప్రకటించుకొని, చచ్చిపోయినోళ్ల కుటుంబానికి 4 లక్షలు అన్నది. అంటే ఎండకు రాష్ట్రం పూచీ, చలికి దేశం పూచీ. మధ్యల మంచుకు తడిసే వడ్లకు పెద్దబాపు పూచీ.

వారం కింద ఇంకో సలహా వచ్చింది, ఇది నిజంగ పనికొచ్చేది. చలికి యాసంగి నారు ఎదగక ఎర్రబడుతది, రాత్రిపూట నారుమడి మీద పాలిథిన్ పట్టా కప్పి పొద్దున తియ్యాలె, మడిల చల్లనీళ్లు తీసేసి కొత్తనీళ్లు పెట్టాలె. సరే అనుకున్నం. మా ఇంట్ల ఉన్న పరదా ఒక్కటి. వడ్ల మీద కప్పితే నారు ఎర్రబడుతది. నారు మీద కప్పితే వడ్లకు మ్యాచర్ వస్తది. ఇప్పుడేమో కొత్త మెసేజ్ చదివినంక మూడో హక్కుదారు లేచిండు: పెద్దబాపు. ఆయన వెచ్చగ ఉండాల్నని పైనుంచి ఆర్డరున్నది మరి.

నాకొక ఉపాయం తోచింది. హెచ్చరికలను ఫోనుకు పంపుడు బంజేసి పరదా మీద అచ్చేసి పంపండి. పసుపు అలర్టుకు పసుపు పరదా, ఆరెంజుకు ఆరెంజు. మేం చదవకపోయినా కప్పుకుంటం. ఎరుపు రోజుల్ల మాత్రం జర పెద్ద సైజు చూడుండ్రి.

ఈ ముచ్చట చెప్తే పెద్దబాపు ఏమనలే. వడ్ల మీద పరదాను ఇంకో జానెడు గుంజి, అంచు మీద రాయి పెట్టి, ఖాళీ గోనె సంచి కప్పుకొని పక్కకు తిరిగి పండుకున్నడు.

కార్లల్ల పోయేటోళ్లకు ఒక్క మనవి. సిద్దిపేట నుంచి హుస్నాబాద్ మీదుగ ఎల్కతుర్తికి రాత్రిపూట వచ్చేటప్పుడు బండి మెల్లగ నడుపుండ్రి. మంచుల రోడ్డు పక్కన కనపడే కుప్ప వడ్లది. దాని పక్కన కనపడే చిన్న కుప్ప మనిషిది.