మందు లేని జబ్బు

కలకత్తాకు కాస్త ఉత్తరాన, గంగ ఒడ్డున ఉంటుంది సోదేపూర్. జబ్బుపడిన సుకుమార్ రాయ్‌ను గాలి మార్పు కోసమని ఇంటివాళ్ళు కొన్నాళ్ళు అక్కడ ఉంచారు. ఒకనాడు ఆయన కిటికీ దగ్గర కూర్చుని బొమ్మ వేసుకుంటున్నారు. ఇంకా మూడేళ్ళు నిండని కొడుకు ఆ గదిలోనే ఆడుకుంటున్నాడు. అదుగో స్టీమరు పోతోందిరా అన్నారు తండ్రి, ఉన్నట్టుండి. పిల్లవాడు పెరట్లోకి పరుగెత్తాడు. కూత వేస్తూ స్టీమరు సాగిపోతోంది.

తండ్రి ఉన్న జ్ఞాపకం సత్యజిత్ రాయ్‌కి ఇదొక్కటే. అందులో కూడా పిల్లవాడి కళ్ళు స్టీమరు మీదే ఉన్నాయి. పసివాడు కదా, తండ్రిని తర్వాత చూసుకోవచ్చనుకుని ఉంటాడు.

తాతగారిని అసలే చూడలేదు. ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 1915లో, మనవడు పుట్టడానికి ఐదేళ్ళ ముందే కన్నుమూశారు. పిల్లల కథలు రాసి, వాటికి బొమ్మలు తానే వేసి, ఆ బొమ్మలు అచ్చులో సరిగ్గా రావడం లేదని హాఫ్‌టోన్ ముద్రణ మీద సొంతంగా ప్రయోగాలు చేసిన మనిషి. ఆయన రాసిన వ్యాసాలను ఇంగ్లండు ముద్రణ పత్రికలు వేసుకున్నాయి. 1913లో పిల్లల కోసం ‘సందేశ్’ అనే మాసపత్రిక పెట్టారు. 100, గర్పార్ రోడ్డులో ఇల్లూ ప్రెస్సూ ఒకే కప్పు కింద ఉండేలా కట్టించారు. ఆయన పోయాక పత్రికా ప్రెస్సూ కొడుకు చేతికి వచ్చాయి.

ఆ కొడుకే సుకుమార్. ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, ముద్రణ నేర్చుకోవడానికి ఇంగ్లండు వెళ్ళి 1913లో తిరిగొచ్చారు. బాతునూ ముళ్ళపందినీ అతికించి లోకంలో లేని జంతువును పుట్టించారు. అర్థం లేనట్టు కనిపించే ఆయన పాటలు నూరేళ్ళు దాటినా బెంగాలీ పిల్లల నోళ్ళలో ఆడుతూనే ఉన్నాయి. బెంగాలీ ఇళ్ళలో మాటలు వచ్చీరాని పిల్లలు కూడా ఆయన పాటలు వల్లిస్తారు. ఒక కవికి అంతకంటే పెద్ద బిరుదేముంటుంది?

1921 మే 2న సత్యజిత్ పుట్టాడు. ఆ ఏడే తండ్రికి కాలాజార్ పట్టుకుంది. చిన్న ఇసుక ఈగ కుట్టి అంటించే జబ్బు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది, ప్లీహం వాచి కడుపు ఉబ్బుతుంది, ఒంట్లో రక్తం సన్నగిల్లుతుంది, చర్మం నల్లబారుతుంది. రెండున్నరేళ్ళు అలా గడిచాయి. ఆ రోజుల్లోనే, ఎక్కువగా మంచం మీద నుంచే, ఆయన తన జీవితంలోకెల్లా నవ్వించే రాతలు రాశారు. పాటలన్నీ ఏరి ‘ఆబోల్ తాబోల్’ అని పుస్తకం కూర్చారు. అట్ట బొమ్మ తానే గీశారు. ఏ పేజీలో ఏ పాట రావాలో, బొమ్మ ఎక్కడ పడాలో తానే పేర్చి నమూనా ప్రతి తయారుచేశారు. రవీంద్రనాథ్ టాగోర్ వచ్చి మంచం పక్కన కూర్చుని పాటలు పాడి వెళ్ళారు.

1923 సెప్టెంబరు 10న సుకుమార్ పోయారు. 35 ఏళ్ళు. పుస్తకం 19న వచ్చింది. నమూనా ఆయన చేతిలో ఉంది కానీ, అచ్చు పుస్తకం లేదు.

కొన్నేళ్ళకే ప్రెస్సు దివాలా తీసింది. పత్రిక ఆగింది, గర్పార్ రోడ్డు ఇల్లు చేయి దాటింది. తల్లి సుప్రభ కొడుకును తీసుకుని భవానీపూర్‌లోని పుట్టింటివారి పంచన చేరి, కుట్టుపని నేర్పుతూ పెంచింది. గర్పార్ రోడ్డు ఇంట్లో ఇప్పుడు బడి నడుస్తోంది. అచ్చుయంత్రాలు ఆడిన చోట పిల్లల గొంతులు వినిపిస్తున్నాయంటే నాకు సంతోషంగానే ఉంటుంది.

మనం పోయినవాళ్ళకు ఏడాదికొకసారి తద్దినం పెడతాం. సత్యజిత్ రాయ్ తన తండ్రికీ తాతకూ పత్రిక వేశారు. అప్పటికి లోకమంతా పేరు తెలిసిన దర్శకుడు. 1961లో, కవి సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి ‘సందేశ్’ను మళ్ళీ నిలబెట్టారు. అట్టలు తానే గీశారు, ప్రొఫెసర్ శొంకూ, ఫెలూదా అనే కథానాయకులను ఆ పేజీల్లోనే పుట్టించారు. తండ్రి కొడుక్కి చెప్పాల్సిన కథలు తండ్రి లేక ఆగిపోతే, కొడుకే వాటిని ఊళ్ళో పిల్లలందరికీ చెప్పడం మొదలుపెట్టాడనిపిస్తుంది నాకు.

తర్వాత కొడుకు సందీప్ అడిగాడు, పిల్లల కోసం ఒక సినిమా తీయమని. రాయ్ దానికి కథ కొత్తగా రాయలేదు. తాతగారి కథ తీసుకున్నారు. 1969లో వచ్చిన ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’ అదే. మనవడు ఎన్నడూ చూడని తాత, మునిమనవడికి కథ చెప్పినట్టయింది. 1987లో, గుండెజబ్బుతో తానే తీసుకుతీసుకు లేస్తున్న రోజుల్లో, తండ్రి శతజయంతికని ఆయన మీద డాక్యుమెంటరీ తీశారు. తండ్రి బతికిన వయసుకు దాదాపు రెండింతల వయసులో ఉన్నారప్పుడు. స్టీమరు వెంట పరుగెత్తిన పిల్లవాడు అరవై ఏళ్ళ తర్వాత తండ్రి ఫొటోలనూ బొమ్మలనూ ఒక్కొక్కటే కెమెరా ముందు పెట్టి తీరిగ్గా చూసుకున్నాడు.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది మధ్యలో ఒక మాట కలుపుతారు: అప్పట్లో కాలాజార్‌కు మందు లేదు. ఆ మాట వింటే మనసు కాస్త కుదుటపడుతుంది. మందే లేనప్పుడు ఎవరు మాత్రం ఏం చేస్తారు?

కానీ కలకత్తాలోనే, సియాల్దా దగ్గర క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉండేది. నేటి నీలరతన్ సర్కార్ వైద్య కళాశాల అదే. అక్కడ గ్యాసు, కుళాయి, కరెంటు ఏవీ లేని చిన్న గదిలో, పొగచూరిన కిరోసిన్ లాంతరు వెలుతురులో, ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి అనే వైద్యుడు రాత్రుళ్ళు పనిచేసేవారు. అప్పటికి వాడుకలో ఉన్న యాంటిమొనీ సూదిమందు నెలల తరబడి పొడవాలి, అదీ ఒంటికి విషమే. మరో యాంటిమొనీ సమ్మేళనాన్ని యూరియాతో కలిపి ఆయన కొత్త మందు తయారుచేశారు. పేరు యూరియా స్టిబమైన్. పట్టినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందిని తీసుకుపోయే కాలాజార్ నుంచి తర్వాతి ఏళ్ళలో అస్సాంలో, బెంగాల్‌లో లక్షలమందిని బతికించింది ఆ మందే.

గర్పార్ రోడ్డు నుంచి ఆ ఆసుపత్రికి నడిచి వెళ్ళొచ్చు.

రోగులకు ఆ మందు ఇచ్చి చూసిన ఫలితాలను బ్రహ్మచారి ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’లో అచ్చువేయించింది 1922 అక్టోబరులో. అప్పటికి సుకుమార్ రాయ్‌కి ఇంకా 11 నెలల ఆయుష్షు ఉంది.