అన్‌నోన్ ఆర్టిస్ట్‌కు ఒక బహిరంగ లేఖ

అన్‌నోన్ ఆర్టిస్ట్ అనే మాటకు,

సూర్యాపేట నుంచి రాస్తున్నాను. నువ్వు మా ఇంటి కంప్యూటర్‌లోకి వచ్చి మూడు వారాలైంది. చాలా ఏళ్లుగా వాడుతున్న పాటల ప్లేయర్ మాటిమాటికీ ఆగిపోతుంటే మా అబ్బాయి దాన్ని తీసేసి వేరే ప్లేయర్ వేసిచ్చాడు. పాటలున్న ఫోల్డర్ చూపించగానే అది గంటసేపు వెతికి, గాయకుల పేర్ల వరుసలో అన్నీ పేర్చింది. అందరికంటే ఎక్కువ పాటలు నీ పేరు మీదే ఉన్నాయి: 2,140.

వాటిలో మా మేనత్త పాడిన నాట్ల పాట ఉంది. ఆ పాట నీది కాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

మాది మూడూళ్ల బతుకు. తల్లిగారిల్లు మిర్యాలగూడ, అత్తగారిల్లు కోదాడ, ఉద్యోగం సూర్యాపేట. పాటలు కూడా ఈ మూడూళ్లలోనే పోగయ్యాయి. మిర్యాలగూడ నుంచి నాన్న క్యాసెట్లు వచ్చాయి. పాడైపోతాయన్న భయంతో వాటిని సీడీలకెక్కించి, ఆ తర్వాత ఎంపీత్రీలుగా మార్పించాం. కోదాడలో మా ఆయన సెల్‌షాపులో మెమరీ కార్డుకు పాటలు ఎక్కించుకునేవారు. షాపతను ఫోల్డర్‌కు ఫోల్డరే కాపీ చేసి ఇచ్చేవాడు. అందులో సగం పాటలకు 'ట్రాక్ 07' లాంటివే పేర్లు. సూర్యాపేట వచ్చాక నేనే ఫోన్‌తో రికార్డు చేయడం మొదలుపెట్టాను. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల జాతరలో విన్నవి, బతుకమ్మ తొమ్మిది రోజులూ మా వీధి ఆడవాళ్లు పాడినవి, ఇంటికొచ్చిన చుట్టాలు పాడినవి. దొరికినంతవరకు పేర్లన్నీ పాత ప్లేయర్‌లో కూర్చుని టైపు చేశాను. వేసవి సెలవులు రెండు దానికే పోయాయి.

ఆ పేర్లు ఏమయ్యాయో ఇప్పుడు తెలిసింది. పాత ప్లేయర్ వాటిని పాట ఫైలులో రాయలేదు, తన సొంత చిట్టాలో దాచుకుంది. ప్లేయర్‌తోపాటు చిట్టా కూడా పోయింది. కొత్త ప్లేయర్ ఫైలు తెరిచి చూస్తే పేరుండాల్సిన గడి ఖాళీగా ఉంది. ఖాళీ కనబడిన ప్రతిచోటా నువ్వు కూర్చున్నావు.

ఆ గడిని ట్యాగ్ అంటారు. ఎంపీత్రీలకు ఆ పద్ధతిని 1996లో ఎరిక్ కెంప్ మొదలుపెట్టాడు. ఫైలు చివర 128 బైట్ల జాగా, అందులో పాట పేరుకు 30, గాయకుడి పేరుకు 30. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. ఇవాళ అంతటా వాడే యూటీఎఫ్-8లో తెలుగుకు ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న అన్నీ విడివిడిగానే లెక్క. 'ఘంటసాల వెంకటేశ్వరరావు' అని రాయాలంటే 61 బైట్లు. అంటే మొదట కట్టిన ఆ గడిలో మా గాయకుడి పూర్తి పేరు మా లిపిలో పట్టే వీలే లేదు. 1998లో రెండో తరం ట్యాగ్ వచ్చి ఆ ఇరుకు తీరింది. పాడినవారికి, స్వరపరిచినవారికి, రాసినవారికి వేర్వేరు గడులు వచ్చాయి. తెలుగులో నిండుగా రాసుకోవచ్చు. జాగా వచ్చి పాతికేళ్లు దాటినా మేమే నింపలేదు. ఆ తప్పు మాది, నీ మీద వేయను.

సినిమా పాటల సంగతి కొంత నయం. పేరు లేకున్నా గొంతు వింటే ఎవరో చెప్పగలం. ధ్వనిని బట్టి పాటను పోల్చి పేరు తెచ్చిపెట్టే సాధనాలు కూడా ఉన్నాయి. అయినా ఇంగ్లీషు స్పెల్లింగులతో ఒక చిక్కుంది. సుశీల గారి పేరులో ఒకచోట హెచ్ ఉంటుంది, మరోచోట ఉండదు, ఇంకోచోట ముందు పి చేరుతుంది. 2016లో గిన్నిస్ వాళ్లు 17,695 పాటల లెక్క తేల్చి రికార్డు ఇచ్చిన గాయని మా కంప్యూటర్‌లో నలుగురు మనుషులుగా విడిపోయి కనబడుతున్నారు. తెలుగులో ఒక్క తీరుగా రాసి ఉంటే ఒక్కరుగానే ఉండేవారు.

నా బాధ జానపదం గురించి. ధ్వని పోల్చే సాధనం నాట్ల పాటను పోల్చలేదు. దాని జాబితాలో ఆ గొంతు ఎప్పుడూ చేరలేదు. చేర్చాల్సింది మేమే. మా నల్లగొండ నేలలో పాటకేం కరువు లేదు, పాడినవాళ్ల పేర్లకే కరువు. తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టిన పాటను గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి'లో గద్దర్ పాడాడు. పాట ఊరూరా తిరిగింది. అయితే నా దగ్గరున్న మూడు కాపీల్లో ఎక్కడా యాదగిరి పేరు లేదు. రాసినవారి గడి మూడింట్లోనూ ఖాళీయే. అంత పెద్ద పాటకే ఇలా అయితే, కాలువ కింద మడిలో వంగి పాడిన ఆడమనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

నిన్ను రానివ్వకుండా చేసిన మనుషులు ఒకప్పుడు ఉన్నారు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గ్రామఫోన్ రికార్డులు చేసినప్పుడు, గౌహర్ జాన్ పాట ముగియగానే తన పేరు తానే గట్టిగా చెప్పింది. ఆ రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్లు ఏ గొంతు ఎవరిదో తెలుసుకుని లేబుల్ సరిగ్గా అంటించాలంటే పేరు పాటలోనే వినబడాలి. నూట ఇరవై ఏళ్లు దాటాయి. లేబుల్ చిరిగినా ఆ పేరు చెరగదు.

ప్లేయర్లు మాత్రం అలా ఉండిపోయేవి కావు. 1997లో వచ్చిన విన్‌ఆంప్‌ను 2013లో మూసేస్తామని ప్రకటించారు, తర్వాత అది చేతులు మారింది. 2001 నాటి ఐట్యూన్స్‌ను మ్యాక్‌లో 2019లో మూడు ముక్కలు చేశారు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. రేపు నేను ఈ ప్లేయర్ కూడా మారుస్తాను. అందుకే ఇకమీద మా ఇంట్లో పేరు ప్లేయర్‌కు చెప్పం, పాటకే రాస్తాం. పాతది తీసేసేముందు పాటల ఫోల్డర్ మొత్తం ఇంకో హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తాం. పేర్లు ఫైలు లోపల పడ్డాయో లేదో వేరే ప్లేయర్‌లో తెరిచి చూసుకుంటాం. ఈ ఉత్తరం చదివే వాళ్లింట్లో కూడా ఆ పని జరగాలని నా కోరిక.

పోయిన ఆదివారం మిర్యాలగూడ వెళ్లాను. మేనత్త అరుగు మీదే ఉంది. ఫోన్‌లో ఆమె నాట్ల పాట వినిపించాను. కాసేపు చెవి దగ్గర పెట్టుకుని విన్నది. పాట కింద నీ పేరు పడుతోందని, దాన్ని తీసి ఆమె పేరు రాస్తానని చెప్పాను.

"నా ఒక్కదాని పేరెందుకు కోడలా?" అన్నది. "నేను చెప్తే అందుకున్నోళ్లు నలుగురు లేరా? ఒక్కదాన్ని పాడితే అది నాట్ల పాట ఎట్లయితది?"

నేను ఇన్నేళ్లూ ఆ రికార్డులో ఒక్క గొంతునే విన్నాను. మళ్లీ విన్నాను. ప్రతి చరణం చివర వెనక నుంచి నాలుగు గొంతులు అందుకుంటున్నాయి. వాళ్లను అన్‌నోన్ చేసింది నువ్వు కాదు, నేనే. ఈ మాట నీకు చెప్పాలనిపించింది.

మళ్లీ పాడమంటే ఊపిరి ఆడదన్నది. పేర్లు చెబితే చాలన్నాను. తన పేరు, ఊరి పేరు చెప్పింది. తర్వాత ఆ నలుగురి పేర్లూ నాట్లలో నిలబడే వరుసలోనే చెప్పింది. అందులో ఇద్దరు ఇప్పుడు లేరు. అదంతా ఫోన్‌లో రికార్డు చేశాను, పదకొండు సెకన్లు. దాన్ని పాట ముందు అతికించాను. గాయకుల గడిలో ఐదు పేర్లూ తెలుగులో రాశాను. ఈ లేఖలో మాత్రం ఆ పేర్లు లేవు. "పేపర్ల వద్దు కోడలా, పాటకే పెట్టు" అన్నది అత్త. ఆమె మాట ప్రకారమే చేశాను.

రాత్రి ప్లేయర్ తెరిచి చూశాను. నీ పేరు మీద ఇప్పుడు 2,139 ఉన్నాయి.

ఇట్లు,
సూర్యాపేట నుంచి ఒక శ్రోత